పద్నాలుగు చుక్కలు

నేను ఒక బహుమతిని. ఆ మాట నా అంతట నేను చెప్పుకోవడం నామోషీగానే ఉంది. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లంతా నా మీద చెక్కిన పేర్ల గురించే మాట్లాడి వెళ్లిపోతారు కాబట్టి, నా డప్పు నేనే కొట్టుకోక తప్పదు. ఆ ఏడాది దేశం మొత్తంలో అన్ని ఆటల్లోకీ మేటి ప్రదర్శన ఎవరిదో తేల్చి, ఏటా ఒక్కరికి మాత్రమే ఇచ్చే జాతీయ పురస్కారాన్ని. ఎత్తు రెండడుగులు, బరువు తొమ్మిది కిలోలు. గుండ్రటి ఇత్తడి పీఠం మీద పరుగెత్తుతున్న మనిషి బొమ్మ ఉంటుంది. పీఠం లోపల డొల్ల. పైన పటారం, లోన లొటారం అని ఎవరూ అనకముందే ఆ సంగతి నేనే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథకు ఆ డొల్లతో పని ఉంది.

నన్ను చేసినవాడు జనగామ వైపు ఒక పల్లెలో ఉండే ఐలాచారి. గుడి తలుపులకు రేకులు, ఉత్సవ విగ్రహాలకు కవచాలు చేసిన చెయ్యి. నాలుగు చేతుల దేవుణ్ని నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తాడు గానీ, రెండు చేతుల మనిషిని, అదీ లాగు తొడుక్కుని పరుగెత్తేవాణ్ని, అంతకుముందు ఎన్నడూ చేయలేదు. అందుకని బావమరిదిని పిలిచి వాకిట్లో పరుగెత్తమన్నాడు. అతను రెండుసార్లు పరుగెత్తాడు. కోళ్లు చెదిరిపోయాయి తప్ప ఐలాచారికి ఏమీ అంతుపట్టలేదు. చివరికి అలా పరుగెత్తుతున్నట్టే నిలబడమన్నాడు. ఒంటికాలి మీద అరగంట నిలబడటం ఎవరి తరం? పాపం ఆ బావమరిది కుడికాలు ముందున్న పీట మీద పెట్టి, పడిపోకుండా కుడిచేత్తో ఎదురుగా ఉన్న గుంజను పట్టుకున్నాడు. ఐలాచారి మైనంతో అచ్చు తీసి, గుంజనూ పీటనూ వదిలేసి, మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టు ఇత్తడిలో పోశాడు.

అలా నా కుడిచెయ్యి, కుడికాలు రెండూ ఒకేసారి ముందుకు వచ్చాయి. మనిషన్నవాడు అలా పరుగెత్తడు. ఎడమకాలు ముందుకు పడితే కుడిచెయ్యి లేస్తుంది, అది పసిపిల్లలకు కూడా ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా ఇరవై ఆరేళ్లపాటు ఆ తప్పు ఎవరి కంటా పడలేదు. పరుగులో పతకాలు తెచ్చినవాళ్లు, వాళ్లకు పరుగు నేర్పినవాళ్లు, ఆటల మీద పేపర్లలో రోజూ తీర్పులు చెప్పేవాళ్లు నన్ను రెండు చేతులా పట్టుకున్నారు. పట్టుకుని కెమెరా వంక చూశారు. నా వంక చూసినవాడు ఒక్కడూ లేడు.

నా జీవితం పైకి కనిపించేంత వైభోగమేమీ కాదు. ఢిల్లీలో పురస్కార మండలి ఆఫీసులో ఒక ఇనుప బీరువా, దానికి తాళం, ఆ తాళానికి తివారీ అనే ఉద్యోగి. ఏడాదికోసారి తివారీ నన్ను బయటికి తీసి, తుడిచి, వేదిక ఎక్కిస్తాడు. మండలి అధ్యక్షుడు నన్ను విజేత చేతిలో పెడతాడు. ఫొటోలు తీస్తారు. విజేత వేదికకు కుడివైపు మెట్లు దిగుతాడు. అక్కడ తెర వెనుక తివారీ నిలబడి నన్ను తీసుకుని, జానెడు ఎత్తున్న నా నకలును అతని చేతిలో పెడతాడు. విజేత ఇంటికి తీసుకుపోయేది ఆ నకలునే. నా పీఠం మీద మాత్రం అతని పేరున్న చిన్న పట్టీ ఒకటి ముందురోజే బిగించి ఉంటుంది. మొత్తం కలిపి నాకు ఏడాదికి నాలుగు నిమిషాల వెలుగు. మిగతా కాలమంతా పాత ఫైళ్ల సహవాసమే.

ఇరవై ఏడో ఏట సారక్క వచ్చింది.

సారక్కది ములుగు దగ్గర ఒక ఊరు. పుట్టుకతోనే చూపు లేదు. వయసు ఇరవై రెండు. పదిహేను వందల మీటర్ల పరుగులో ఆసియాకంతా మొదటిదై రికార్డు తిరగరాసి వచ్చింది. చూపు లేనివాళ్లు ఒంటరిగా పరుగెత్తరు. పక్కన చూపున్న మనిషి ఒకడు పరుగెత్తుతాడు. జానెడు తాడుకు ఒక కొస ఆమె చేతికి, ఒక కొస అతని చేతికి ఉంటుంది. మలుపులు చెప్పేదీ, పక్కవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో చెప్పేదీ అతనే. ఆమెను లాగకూడదు, తొయ్యకూడదు. గీత దాటేటప్పుడు ఆమెకంటే ముందు అతను దాటకూడదు. దాటితే ఇద్దరి పరుగూ చెల్లదు. అంటే ఆమెకంటే బాగా పరుగెత్తగలిగి ఉండి, ప్రతిసారీ ఒక అడుగు వెనకపడాలి. అదీ ఉద్యోగం.

ఆ మనిషి పేరు ఓదేలు. సారక్క పక్క ఊరివాడు. వయసు ఇరవై తొమ్మిది. కానిస్టేబుల్ ఉద్యోగానికి రెండుసార్లు పరుగు పరీక్షలో అందరికంటే ముందు వచ్చి, రెండుసార్లూ రాత పరీక్షలో పోయాడు. ఎంపికైనవాళ్ల జాబితా గోడకు అంటిస్తే పైనుంచి కింది దాకా వేలుపెట్టి చూసుకునేవాడట. పేరు లేకపోతే, తన చూపే తప్పేమోనని మళ్లీ పైనుంచి చూసేవాడట. ఈ సంగతి నాకు తరువాత రైల్లో తెలిసింది.

వేదిక మీద అధ్యక్షుడు ప్రశంసాపత్రం చదివాడు. చీకటిని జయించి ఒంటరిగా పరుగెత్తిన ధీర అని అందులో రాసి ఉంది. ఆ మాట చదువుతున్నప్పుడు ఓదేలు సారక్క మోచెయ్యి పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. అతిథుల కాగితంలో అతని పేరు లేదు. ‘తోడు మనిషి, ఒకరు’ అని ఉంది. ఫొటోగ్రాఫర్ కొంచెం తప్పుకోమని చేత్తో సైగ చేశాడు. ఓదేలుకు అలవాటే కాబట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. మరునాటి పేపర్లలో సారక్క ఉంది, నేనున్నాను, మా ఇద్దరి పక్కన ఒక మోచెయ్యి ఉంది.

తరువాత జరిగింది మాత్రం పరుగుపందేల మనుషులు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. మైదానంలో పరుగెప్పుడూ ఎడమకే తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగినా మలుపులన్నీ ఎడమవే. ఎనిమిదేళ్లుగా ఆ ఇద్దరూ ఒకే తాడుకు కట్టుకుని ఎడమకే తిరిగారు. వేదిక అంచుకు రాగానే కాళ్లు వాటంతట అవే ఎడమకు తిరిగాయి. కుడివైపు తెర వెనుక తివారీ నకలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వాళ్లు ఎడమ మెట్లు దిగి, ఎడమ తలుపు దాటి, వాకిట్లో ఉన్న బస్సెక్కి స్టేషన్‌కు వెళ్లిపోయారు. నేను సారక్క ఒళ్లో ఉన్నాను. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఐదో నిమిషం చూశాను.

రైలు నాగపూర్ దాటాక సారక్క నన్ను తడిమి చూసింది. అందరూ నన్ను పట్టుకునేవాళ్లే, ఆమె మాత్రం చదివింది. తల నుంచి మొదలుపెట్టి భుజాలు, మోచేతులు, మోకాళ్లు, కాలివేళ్ల దాకా ఓపిగ్గా వేళ్లు నడిపించింది. నా కుడికాలి దగ్గర ఆగి మళ్లీ కుడిచేతి దాకా వెళ్లింది.

“అన్నా, గీయన కుడిచెయ్యి, కుడికాలు ఒక్కపారే ముందుకేసిండు. గిట్ల ఉరికితే బోర్ల వడ్తడు గదనే” అంది.

ఓదేలు వంగి చూశాడు. “దేవుని బొమ్మ కావచ్చు చెల్లె. దేవుళ్లు ఎట్లురికినా నడుస్తది” అన్నాడు.

ఇరవై ఆరేళ్ల నా రహస్యం అర నిమిషంలో బయటపడింది. సిగ్గేసింది, నిజమే. కానీ నన్ను ఒకరు అంత శ్రద్ధగా చూశారన్న సంతోషం సిగ్గుకంటే ఎక్కువైంది.

ఆ ప్రయాణంలోనే అసలు పరుగు కథ విన్నాను. రెండో చుట్టులో వెనకనుంచి ఎవరో తొక్కితే ఓదేలు బూటు ఊడిపోయింది. ఆగితే పోటీ పోతుంది. చెబితే సారక్క ఆగుతుంది. అందుకని చెప్పకుండా, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఏమీ లేకుండా మిగిలిన దూరమంతా పరుగెత్తాడు. అడుగుల చప్పుడులో తేడా సారక్క చెవికి అందింది గానీ, అడగడానికి ఊపిరి మిగల్లేదు. గీత దాటాక కూర్చుని అతని పాదం తడిమితే చెయ్యి తడిసిందట. ఆ తడి రక్తమని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

సారక్క వాళ్ల అమ్మ ఎల్లవ్వ బళ్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. నన్ను చూసి, “ఈయనెవరు బిడ్డా, మీ పెద్దసారా?” అని అడిగింది. సంగతి తెలిశాక చింతపండు పెట్టి బరబరా తోమింది. ఢిల్లీలో సీసాల్లో తెప్పించిన పాలిష్‌లు ఇరవై ఆరేళ్లలో తేలేని మెరుపు ఒక్క పూటలో వచ్చింది. టీవీ పక్కన పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు నన్ను చూసి, సారక్కను మెచ్చుకుని, ఎల్లవ్వ ఇచ్చిన టీ తాగి వెళ్లారు. ఓదేలు కూడా వచ్చాడు. ఒక మధ్యాహ్నం సారక్క పెరట్లో ఉండగా, ఎవరూ లేరనుకుని నా ముందు గొంతుక్కూర్చున్నాడు. పీఠం మీది పట్టీలను మొదటిదాని నుంచి చివరిదాని దాకా వేలుపెట్టి చదివాడు. చివరిది సారక్కది, అప్పుడే బిగించినది. అతను కాసేపు ఆగి మళ్లీ పైనుంచి చదివాడు. లేని పేరు రెండోసారి చూస్తే వస్తుందా? నేను బొమ్మను కాబట్టి తల తిప్పుకోలేకపోయాను.

కానీ పెరటి గుమ్మంలో సారక్క నిలబడి ఉంది. చూడలేదు, అతని గోరు పట్టీల మీద టిక్కుటిక్కుమని కిందికి దిగడం, ఆగడం, మళ్లీ పైనుంచి మొదలవడం విన్నది. వెనక్కి వెళ్లిపోయింది.

మరునాడు బడి పంతులమ్మ చేత మండలికి ఉత్తరం రాయించింది. “నా పేరు పక్కన ఓదేలన్న పేరు కూడా చెక్కండి, మేమిద్దరం పరుగెత్తాం.” ఉత్తరంలో ఉన్నది అంతే. రెండు వారాలకు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్లలో ఇంగ్లీషు చదవగలిగినవాడు ఓదేలు ఒక్కడే, అందుకని అది చదివే పని అతని మీదే పడింది. కూడబలుక్కుంటూ చదివి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాడు. మొదటిది, అసలు బహుమతి పొరపాటున మీ వెంట వచ్చింది, తివారీ అనే ఉద్యోగి వచ్చే శుక్రవారం వచ్చి తీసుకుపోతాడు. రెండోది, విజేతకు తోడ్పడిన సహాయకుల పేర్లు చెక్కే సంప్రదాయం లేదు. పట్టీ మీద ఒక పేరుకే చోటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు, ఆ సహాయకుడే అడగనిదాన్ని ఈ అమ్మాయి ఎందుకు అడుగుతోందని మండలి కార్యదర్శి అన్నాడని తరువాత తివారీ చెప్పాడు.

ఓదేలు ఉత్తరం మడిచాడు. “నా పేరెందుకడిగినవ్ చెల్లె? గెల్సింది నువ్వు” అన్నాడు.

“నేనొక్కదాన్నే ఉరికితే పోయి గోడకు తగులుదును.”

“ఇడ్సిపెట్టు. నాకు గా పేరుతోని ఏం పని?”

“పని లేకుంటే మొన్న రెండుపార్లెందుకు సదివినవ్?”

ఓదేలు ఉత్తరాన్ని నా పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఎల్లవ్వ టీ పోసిన గ్లాసు అక్కడే ఉండిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఎల్లవ్వ బడికి పోయాక సారక్క నన్ను ఒళ్లోకి తీసుకుని తలకిందులు చేసింది. పీఠం అడుగున ఉన్న చెక్క బిళ్లను తీసి లోపలికి చెయ్యి పెట్టింది. అక్కడ ఐలాచారి వాడిన రేకు పలచన. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థం కాలేదు. అంధుల బడిలో పిల్లలు రాసే పద్ధతి నాకేం తెలుసు? కాగితాన్ని పలకలో బిగించి, వెనక వైపు నుంచి, కుడి నుంచి ఎడమకు, సూదితో పొడుచుకుంటూ పోతారట. తిప్పి తడిమితే చుక్కలు పైకి లేచి అక్షరాలవుతాయట. అదే బ్రెయిలీ. సారక్క పాత చెక్క ముక్కను బయటివైపు రేకుకు ఆనించి, లోపలి నుంచి మేకు పెట్టి సుత్తితో కొట్టింది. ఒక దెబ్బ వేయడం, బయట వేలితో తడిమి చూసుకోవడం, మళ్లీ ఇంకో దెబ్బ. రెండుసార్లు వేలి మీద కొట్టుకుంది. నొప్పి నాకూ ఉంది, కానీ ఐలాచారి చేతి తరువాత నా ఒంటి మీద శ్రద్ధగా పడిన చెయ్యి అదొక్కటే కాబట్టి ఓర్చుకున్నాను. నా తప్పుడు కుడికాలికి సరిగ్గా కింద పద్నాలుగు చుక్కలు లేచాయి. గడికో అచ్చో హల్లో చొప్పున ఐదు గళ్లు, ఒక పేరు.

ఓదేలుకు మాత్రం చెప్పలేదు. చెబితే అతను తివారీ ఎదురుగా చేతులు కట్టుకుని, సార్ తప్పయింది అని మొత్తం ఒప్పేసుకుంటాడు. అతని కడుపులో నిజం ఒక పూట కూడా దాగదని ఆమెకు తెలుసు.

శుక్రవారం తివారీ గుడ్డసంచిలో నకలు పెట్టుకుని వచ్చాడు. మూడు వారాలుగా నిద్ర లేని ముఖం. ఎల్లవ్వ పెట్టిన అన్నం తిన్నాడు. సారక్క అతన్ని కూడా అడిగింది, హిందీలో, అన్న పేరు రాయించమని. ఆయన నిజంగానే బాధపడి, పేర్లు రాసే పని నాది కాదమ్మా, నాది తాళం తీసి వేసే పని అన్నాడు. తరువాత నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. చుక్కల మీద బొటనవేలు ఆగింది. ఇవి ఇదివరకు ఉన్నాయా అని తనలో తను అనుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా రోజూ కాపలా కాస్తున్న వస్తువు మీద ఏముందో తనకు తెలియదని ఒప్పుకుంటే ఉద్యోగానికే ఎసరు. ఉన్నాయనే తీర్మానించుకుని సంచిలో పెట్టుకున్నాడు.

ఆఫీసులో నన్ను బల్ల మీద పెట్టగానే కార్యదర్శి కళ్లద్దాలు సవరించుకుని, ఈ చుక్కల వరుస బాగుందే, ఇన్నాళ్లూ గమనించలేదు అన్నాడు. పాతకాలం పనితనం అన్నారు మిగతావాళ్లు. ఆ ఏడే నకళ్ల అచ్చు అరిగిపోయి, నన్ను చూసి చిన్న కొలతలో కొత్త అచ్చు చేయించారు. వంకర పరుగుతో పాటు పద్నాలుగు చుక్కలూ అందులోకి వెళ్లాయి. తరువాత నాలుగేళ్లలో ఒక షూటర్, ఒక మల్లయోధుడు, ఒక హాకీ కెప్టెన్, ఒక చదరంగం అమ్మాయి ఓదేలు పేరును దండలేసి ఊరేగించి, ఇళ్లకు తీసుకుపోయి అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు. మల్లయోధుడి ఊళ్లో దానికి కొబ్బరికాయ కూడా కొట్టారట.

ఐదో ఏడు కేరళ నుంచి సజీవన్ అనే ఈతగాడు వచ్చాడు. అతనికీ చూపు లేదు. ఈతకొలనులో గోడ దగ్గరపడగానే పైనుంచి ఒక మనిషి కర్రతో భుజం మీద తట్టి చెబుతాడట, లేకపోతే తల పగులుతుంది. మండలి ఆనవాయితీ ప్రకారం పాత విజేతలంతా మొదటి వరుసలో కూర్చున్నారు. సారక్క పక్కన ఓదేలు ఉన్నాడు, కాగితంలో ఇప్పటికీ ‘తోడు మనిషి, ఒకరు’ గానే. ఎడమ మెట్ల దగ్గర తివారీ ఉన్నాడు. ఆ పొరపాటు జరిగినప్పటి నుంచి ఆయన కుడివైపు నిలబడటం మానేశాడు.

అధ్యక్షుడు నన్ను సజీవన్ చేతిలో పెట్టాడు. కెమెరాలు వెలిగాయి. సజీవన్ కెమెరాల వైపు తిరగలేదు. పీఠం మీద అతని వేళ్లు ఆగిపోయాయి. ముందుకూ వెనక్కీ కదిలాయి. బ్రెయిలీలో మన దేశపు భాషలన్నింటికీ దాదాపు ఒకే చుక్కలు, కాబట్టి ములుగులో రాసింది మలయాళీ వేలికి అందింది. అతను మైకు ముందుకు వంగి, కృతజ్ఞతలు చెప్పే చోట, “దీని మీద ఓదేలు అని రాసి ఉంది. ఆయన ఎవరు?” అని ఇంగ్లీషులో అడిగాడు.

అధ్యక్షుడు కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి పాత విజేతల జాబితా తిరగేశాడు. ముప్ఫై ఒక్క పేర్లలో ఆ పేరు లేదు. అది అలంకారమండీ అన్నాడు వ్యాఖ్యాత. సజీవన్ మర్యాదగానే, అలంకారానికి మనిషి పేరు పెట్టరు కదా అన్నాడు. పోయిన నాలుగేళ్ల విజేతలు ఇళ్లలో ఉన్న తమ నకళ్లను గుర్తు తెచ్చుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మొదటి వరుసలో సారక్క లేచి నిలబడింది. “ఆయన ఈడనే ఉన్నడు” అని తెలుగులో అని, హిందీలో మళ్లీ చెప్పింది. “లే అన్నా. నిన్నే అడుగుతుండ్రు.”

ఓదేలు కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు. “నేనేం తప్పు జేసిన చెల్లె?” అన్నాడు.

“ఏం చెయ్యలే. వొయ్యి సూసుకో.”

అతను మెట్లెక్కి వచ్చాడు. ఫొటోగ్రాఫర్‌కు ఎవరిని తప్పుకోమనాలో తెలియక కెమెరా దించాడు. కార్యదర్శి ఏదో అనబోయాడు గానీ, నాలుగేళ్లుగా ఆ పేరును తానే అచ్చుపోయించి పంచిపెట్టాడన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఓదేలు నా ముందు నిలబడి, అలవాటు కొద్దీ మొదటి పట్టీ మీద వేలుపెట్టాడు. ఒక్కొక్కటే చదువుతూ చివరిదాకా వచ్చాడు. పేరు లేదు. అతని భుజాలు కుంగడం నేను చూశాను. ఇన్నేళ్ల నా బతుకులో నాకు గొంతు లేదని బాధపడింది ఆ ఒక్క క్షణమే.

సజీవన్ అతని చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చూపుడువేలును తీసుకుని, పట్టీల మీంచి పక్కకు జరిపి, నా కుడికాలి కింద ఆనించాడు. మొదటి గడి దగ్గర ‘ఓ’ అన్నాడు. రెండో దాని దగ్గర ‘ద’ అన్నాడు. హాలంతా వింటోంది. ఓదేలు వేలు మూడో గడి మీదికి జరిగింది. సారక్క కింద నిలబడే ఉంది. వేదిక మీద ఏం జరుగుతోందో ఆమెకు ఒకరు చెప్పాలి, చెప్పేవాడు పైనున్నాడు. అందుకని తల పక్కకు వంచి వింటోంది.

పద్నాలుగు చుక్కలూ అయిపోయాయి. నాకు రావలసిన నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటాయి. తివారీ మెట్ల దగ్గర నకలు పట్టుకుని ఉన్నాడు గానీ పిలవలేదు. ఓదేలు ఇక వేలు తీసేస్తాడనుకున్నాను. అతను తీయలేదు. మళ్లీ మొదటి చుక్క నుంచి చదవడం మొదలుపెట్టాడు.